గోడ మీద నలుగురు పిల్లలు

ఆరోగ్య శాఖలో చిత్రకారుడు అనే ఉద్యోగం ఒకటి ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా సంఘంలో యువకులు కొందరు కంప్యూటర్ మీద పటాలు, లెక్కల బొమ్మలు తయారుచేసి బతుకుతున్నారు. ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద నన్ను ఆపి, కంప్యూటర్ లేని రోజుల్లో ఇవన్నీ ఎట్లా చేసేవారని అడుగుతుంటారు. కుంచెతో అంటాను. నవ్వి వెళ్లిపోతారు. కానీ అది సగం జవాబే. మిగతా సగం మెట్ల మీద నిలబడి చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రాసేది ఒక్క బొమ్మ గురించే. నేను రిటైరయ్యే ముందు చేసిన పనుల్లో అదొకటి.

మా బాపు, అంటే మా నాన్న, కరీంనగర్ దగ్గరి ఒక ఊళ్లో సంఘ పెద్ద. ఆదివారం బడిలో మాకు పాఠం చెప్పే అక్క దగ్గర చెక్కకు బిగించిన ఉన్నిగుడ్డ ఒకటి ఉండేది. కాగితం బొమ్మల వెనక గరుకు గుడ్డ ముక్కలు అంటించి ఉండేవి. బొమ్మను ఉన్నిగుడ్డ మీద అద్దితే అక్కడే నిలిచేది. కథ నడిచిన కొద్దీ ఆమె గొర్రెను ఇటు జరిపేది, కాపరిని అటు జరిపేది. రంగు గుడ్డపేలికలు కూడా ఉండేవి. నలుపు పాపం, ఎరుపు రక్షకుని రక్తం, తెలుపు శుద్ధి అయిన హృదయం. ఒక్క అక్షరం లేకుండా సువార్త అంతా ఆ పేలికల్లో చెప్పేది. రంగు చూస్తే చాలు, అర్థం దానంతట అదే తెలిసిపోతుందన్న నమ్మకం నాకు అక్కడ పట్టుకుంది. ఉద్యోగంలో ఆ నమ్మకం చాలాసార్లు దెబ్బ తిన్నది.

నేను చేరిన కొత్తలో రేకు పలకల మీద రంగులతో రాసేవాళ్లం. దోమల మందు ఎప్పుడు కొట్టాలి, నీళ్లు ఎట్లా కాచాలి, టీకా ఏ వయసుకు వేయించాలి, అన్నీ బొమ్మలే. జ్వరాల లెక్కలకు కడ్డీల పటాలు గీసేవాణ్ణి, ఏ నెలలో ఎక్కువో కడ్డీ పొడుగును బట్టి తెలిసేటట్లు. గుండ్రటి పటాన్ని భాగాలుగా కోసి రంగులు వేస్తే మా ఆఫీసులో దాన్ని జొన్నరొట్టె అనేవారు. "మంత్రిగారి మీటింగు ఉన్నది, రేపటికి రెండు రొట్టెలు గావాలె" అని కబురొచ్చేది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, కుంచెలు గట్టిపడిపోయాయి. నేను కూడా ఆ వయసులో మౌస్ పట్టడం నేర్చుకున్నాను.

ఆదిలాబాద్ వైపు, కాగజ్‌నగర్ దాటి అడవి దగ్గర పడే ఊళ్లలో ఒక రక్తపు జబ్బు ఉంది. రక్తంలో గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవలిలాగా వంగుతాయి. సన్నటి నరాల్లో ఇరుక్కుంటాయి. పిల్లలు కీళ్ల నొప్పులతో ఏడుస్తారు, పాలిపోతారు, చిన్న జ్వరం కూడా వాళ్లకు పెద్ద గండమే. ఇది అంటురోగం కాదు, తల్లిదండ్రుల నుంచి దిగేది. తల్లిలో సగం, తండ్రిలో సగం దాక్కొని ఉంటుంది. ఆ సగం వాళ్లకేమీ చేయదు. ఇద్దరి సగాలూ ఒకే బిడ్డలో కలిస్తేనే జబ్బు. చంటితనంలోనే తెలుసుకొని మందులు మొదలుపెడితే బిడ్డ నిలుస్తుంది. తెలియక ఊరుకుంటే ఏదో ఒక జ్వరంలో పోతుంది.

ఈ సంగతి ఊళ్లకు తెలియజెప్పే బొమ్మ చేయమని పై ఆఫీసు నుంచి నమూనా వచ్చింది. పైన తల్లి, తండ్రి, ఇద్దరికీ ఒంట్లో సగం రంగు. కింద వరుసగా నలుగురు పిల్లలు. మొదటి పిల్లవాడు నిండా ఎరుపు, తర్వాతి ఇద్దరు సగం సగం, చివరి పిల్ల తెలుపు. నలుగురిలో ఒకరికి జబ్బు రావచ్చు, ఇద్దరు తల్లిదండ్రుల వంటివారే అవుతారు, ఒకరికి ఏమీ ఉండదని దాని భావం. శాస్త్రం ప్రకారం ఒక్క తప్పు లేదు.

ఆ పనిలో నాకు తోడు మా ఆరోగ్య విద్యాధికారి. మంథని వైపు మనిషి. ఊరూరూ తిరిగి జనానికి చెప్పడం ఆయన ఉద్యోగం, ఎవరి అరుగు మీద కూర్చుంటే ఆ ఇంటివాడైపోవడం ఆయన స్వభావం. నేను పని మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకొని ప్రార్థించే అలవాటు చూసి నన్ను "అయ్యగారూ" అని పిలిచేవాడు. మా సంఘాల్లో పాస్టరుగారిని అట్లా పిలుస్తారు. ఎగతాళికే అనేవాడు గానీ, నేను కళ్లు తెరిచేదాకా రంగు డబ్బా మూత చప్పుడు కూడా కానిచ్చేవాడు కాదు.

నమూనాను ముందుగా ఆ ఊళ్లలో పనిచేసే నర్సమ్మకు చూపించాం. ఆమె చాలాసేపు చూసి, తల గోక్కొని, అడగనా వద్దా అన్నట్లు అడిగింది.

"గీ ఎర్రగున్నోడు మంచిగనే ఉన్నట్లు గద సార్? నెత్తురు బాగున్నది. గీ తెల్లపిల్లనే పాలిపోయింది. గీమెకే బీమారి అనుకుంటరు మావోళ్లు."

మా అధికారి నా వైపు చూశాడు. నేను ఆదివారం బడి పేలికల వైపు చూసుకున్నాను, మనసులోనే. నెత్తురు తక్కువయ్యే జబ్బుకు బొమ్మ గీస్తూ జబ్బు పిల్లవాణ్ణి ఎర్రగా, బాగున్న పిల్లను తెల్లగా పెట్టాం. పై ఆఫీసుకు రాసి ఒప్పించి ఎరుపు తీసేసి వంకాయ రంగు పెట్టాం. తెల్లపిల్లకు మామూలు ఒంటి రంగు వేశాం. ఒక పెద్ద తప్పు దిద్దామన్న సంతోషంలో మిగతాదంతా సరిగ్గా ఉందనుకున్నాం. ఒక తప్పు దొరికితే కలిగే ధైర్యం అటువంటిది.

ఫ్లెక్సీలు అచ్చయి ఊళ్లకు వెళ్లాయి. పంచాయతీ గోడలకు, అంగన్‌వాడీ గోడలకు కట్టారు. కొన్ని నెలలకు నర్సమ్మ ఫోన్ చేసింది. ఒక ఇంట్లో పెద్దపిల్లవాడికి ఈ జబ్బు ఉంది, వాడి తర్వాత ఆడపిల్ల పుట్టింది, ఇప్పుడు పాలతో పాటు బువ్వ మెతుకులు కూడా తింటోంది, పరీక్షకు రక్తం ఇవ్వమంటే ఇవ్వడం లేదు, మీరే వచ్చి ఒక మాట చెప్పి పొమ్మని ఆమె గోడు. సూదికి భయపడుతున్నారేమో అనుకొని బయలుదేరాం.

ఆ ఇంట్లో పెద్దాయన, ఆయన కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. పత్తి చేను, రెండు ఎడ్లు. పిల్లవాడు అరుగు అంచున కూర్చొని కాళ్లు ఊపుతున్నాడు. చేతి వేళ్లు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. మేం వచ్చిన పని చెప్పగానే పెద్దాయన మమ్మల్ని ఎంతో గౌరవంగా కూర్చోబెట్టి, ఎదురుగా పంచాయతీ గోడ మీదున్న మా ఫ్లెక్సీని చేత్తో చూపించాడు.

"మీ బొమ్మ శాన నిజం సార్. నేను రోజూ చూస్త. మా ఇంట్ల అచ్చం గట్లనే అయ్యింది. పెద్దోనికి వచ్చింది. ఇగ ఎన్కోళ్లకు రాదు. బీమారి లేని పిల్లకు సూది ఎందుకు గుచ్చుడు?"

నా జీవితంలో నా బొమ్మను అంత శ్రద్ధగా చదివినవాడు మరొకడు లేడు. వరుసలో నిలబడ్డ పిల్లలంటే ఏ ఇంట్లోనైనా పెద్దవాడు, రెండోవాడు, మూడోవాడు, కడగొట్టుది. ఫోటోకు నిలబడ్డా అంతే, బువ్వకు కూర్చున్నా అంతే. ఆయన ఆ వరుసనే చదివాడు. నలుగురిలో ఒకరికి అని మేం చెప్పాం. ఆ ఒక్కరు తన ఇంట్లో వచ్చేశారు, వంతు తీరిపోయింది, ఇక భయం లేదు. మా అధికారి ఎంత విడమరిచి చెప్పినా ఆయన ఓపికగా విని మళ్లీ గోడ వైపే చెయ్యి చాపాడు. మీ నోటిమాట కంటే మీరు అచ్చు వేయించిందే గట్టిది కదా అన్నట్లు. పక్కింటామె ఒకామె వచ్చి తాము ఇద్దరితో ఆపేశామని, నలుగురిని కంటే కదా ఈ లెక్క, తమకు ఆ బాధ లేదని సంబరంగా చెప్పి వెళ్లింది.

కోడలు మాత్రం చంటిదాని చేతివేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూస్తూ కూర్చుంది.

గోడకు కట్టిన బొమ్మ ఎంత నోరులేనిదో ఆ అరుగు మీద తెలిసింది. మా చిన్నప్పుడు పటం కథలవాళ్లు ఊరికి వచ్చేవారు. పొడుగాటి గుడ్డ మీద బొమ్మలు విప్పుతూ, కర్రతో చూపిస్తూ రాగం తీసేవారు. జనం ఎక్కడ కనుబొమలు ముడిస్తే అక్కడ కర్ర ఆగేది. ఆదివారం బడిలో అక్క కూడా బొమ్మ పక్కనే ఉండేది. మనిషి పక్కన లేకుండా బొమ్మను ఒంటరిగా వదిలేసి వచ్చే పద్ధతి మా కాలంలో మొదలైంది. ఇప్పుడు మీరు ఫోన్లలో పంపుతారు, అది ఎవరి అరుగు మీద ఎట్లా చదవబడుతుందో మీకు తెలిసే దారి లేదు.

కాగజ్‌నగర్ బస్సుకు ఇంకా సమయం ఉంది. మా అధికారి మామూలుగానే పెద్దాయనతో, ఇంకో ముసలాయనతో ఆటకు కూర్చున్నాడు. చింతగింజలను బండ మీద ఒకవైపు అరగదీస్తే అటు తెలుపు, ఇటు నలుపు. గుప్పిట్లో గిలకరించి వేస్తే ఎన్ని తెలుపులు పడితే అన్ని గడులు. మావాడికి వరుసగా నలుపులే పడుతున్నాయి. ఇన్నిసార్లు నలుపే పడ్డది కాబట్టి ఈసారి తెలుపు పడక ఎటు పోతుందని మావాడి ధీమా. పెద్దాయన పగలబడి నవ్వాడు.

"గింజకు యాదుంటదా సారూ, ఇందాక ఏం పడ్డదో?"

ఆ మాట విన్నాను. విని, చెవిలో పెట్టుకొని బస్సెక్కాను. సగం దారిలో అది లోపల గింజలాగానే బోర్లపడి రెండో వైపు చూపించింది. మా అధికారి నిద్రపోతుంటే తట్టి లేపి చెప్పాను. తల్లి దగ్గర ఒక గింజ, తండ్రి దగ్గర ఒక గింజ. ప్రతి బిడ్డకూ కొత్తగా వేయాల్సిందే. ఆయన కళ్లు నులుముకుంటూ, "పెద్దాయన మాట పెద్దాయనకే అప్పజెప్దాం అయ్యగారూ" అన్నాడు.

అంత సులువైతే బాగుండేది. మా బాపు ఇంట్లో గవ్వలు గానీ, గింజలు గానీ ఆడనిచ్చేవాడు కాదు. ఒకసారి మా మేనమామ తెచ్చిన పచ్చీసు గుడ్డను పొయ్యిలో పెట్టాడు. చీటీ పడటం మీద, గవ్వ బోర్లపడటం మీద నమ్మకం పెట్టుకోవడం విశ్వాసి చేసే పని కాదని మాకు ఉగ్గుపాలతో చెప్పారు. అంతకంటే లోతైన పరేషాన్ ఇంకోటి. గర్భంలో బిడ్డను అల్లేవాడు దేవుడని సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పేవాణ్ణి, ఊళ్లోకి వెళ్లి బిడ్డ ఒంటి సంగతి గింజ పడినట్లు పడుతుందని ఎట్లా చెప్పను?

ఆదివారం కరీంనగర్‌లో ఆరాధన అయ్యాక మా పాస్టరుగారిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ప్రభువు శిష్యులు కూడా ఒకసారి చీట్లు వేశారు కదా అని నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను. ఆయన వాక్యం మీద పెద్ద చర్చ చేస్తారనుకున్నాను. ఆయన ఒక్కటే అడిగారు.

"దాంతోని పిల్లకు పరీక్ష అయితదా?"

"అయితదనుకుంటున్న అయ్యగారూ."

"అయితే గింజలు పట్టుకొని పో. దేవుని సంగతి దేవుడు చూసుకుంటడు."

ఆ సాయంత్రం మోకాళ్ల మీద ఉన్నప్పుడు నాకు గుర్తొచ్చింది. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, ఇది ఎవరి పాపమని అడిగినప్పుడు ప్రభువు వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదన్నాడు. ఈ జబ్బు ఉన్న ఇళ్లలో తప్పంతా కోడలి కడుపు మీద వేస్తారు. ఎవరి పాపమూ కాదని చెప్పగలిగితే, గింజ ఆ మాట చెప్పినా పరవాలేదనిపించింది.

మళ్లీ వెళ్లాం. ఈసారి ఏ పటమూ తీసుకుపోలేదు. పెద్దాయన దగ్గరే రెండు గింజలు అడిగి తీసుకొని ఒకటి కొడుకు చేతిలో, ఒకటి కోడలి చేతిలో పెట్టాం. నర్సమ్మ వాళ్ల మాటలో చెప్పింది. నలుపు వైపు జబ్బు, తెలుపు వైపు మంచిది. మీ ఇద్దరిలో రెండు వైపులూ ఉన్నాయి, అందుకే మీకేమీ కాలేదు. బిడ్డ కడుపులో పడ్డప్పుడల్లా ఇద్దరూ ఒక్కో వైపు ఇస్తారు. రెండూ నలుపు పడితేనే బీమారి.

చుట్టుపక్కలవాళ్లు మూగారు. భార్యాభర్తలు సిగ్గుపడుతూ కలిసి వేశారు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. మళ్లీ వేశారు. రెండూ తెలుపు. ఎవరో భేష్ అన్నారు. మళ్లీ వేశారు. రెండూ నలుపు.

"గిదే మా పెద్దోడు" అన్నాడు పెద్దాయన, లెక్క తేలిపోయినట్లు. "ఇగ పడది."

మా అధికారి ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగాడు. "పెద్దయ్యా, గింజకు యాదుంటదా?"

కోడలు ఎవరూ చెప్పకుండానే గింజ తీసి గుప్పిట్లో పట్టుకొని భర్త వైపు చూసింది. ఇద్దరూ వేశారు.

మళ్లీ రెండూ నలుపే.

అది మేం కోరుకున్నది కాదు. అట్లా పడేటట్లు వేయడం ఎవరి తరమూ కాదు. కొడుకు తేరుకొని, "ఊకెనే పడ్డది తియ్" అన్నాడు, ఊరికే పడిందని భార్యకు ధైర్యం చెప్తున్నట్లు.

"ఊకెనే పడ్డది" అన్నది ఆమె. "పిల్లకు గూడ గట్లనే ఊకెనే పడి ఉంటే?"

లేచి లోపలికి పోయి, నిద్రపోతున్న చంటిదాన్ని భుజాన వేసుకొని వచ్చి నర్సమ్మ ముందు కూర్చుంది. చిన్న పాదాన్ని బయటికి తీసి పట్టుకుంది. పెద్దాయన వద్దనలేదు. సూది గుచ్చేటప్పుడు మాత్రం ముఖం తిప్పుకున్నాడు.

పరీక్ష ఫలితం వచ్చింది. పిల్లకూ ఆ జబ్బు ఉంది.

మందులు తీసుకొని ఆ ఊరికి వెళ్లే దారి పొడవునా నేను నోట్లో ప్రార్థన నములుతూనే ఉన్నాను. నా భయం వేరే. నలుపు నలుపు పడ్డ రోజునే పిల్ల రాత తేలిపోయిందని వాళ్లు అనుకుంటే? లెక్క చెప్పడానికి తీసుకుపోయినదాన్ని శకునం చేసుకుంటే? మా బాపు గుడ్డను పొయ్యిలో పెట్టింది ఇటువంటి దానికే కదా. మా అధికారి కూడా ఆ రోజు బస్సులో నిద్రపోలేదు.

అనుకున్నట్లే అయ్యింది. ఫలితం చెప్పగానే పెద్దాయన గోడకు ఆనుకొని అన్నాడు. "గింజలు గా దినమే చెప్పినయ్ సార్."

వంటింటి గడపలో నిలబడ్డ కోడలు అందుకుంది.

"గింజలేం చెప్పలే మామా. అడుగుమన్నయ్, గంతే. చెప్పింది నెత్తురు."

నేను ఉద్యోగంలో ఉండగా పటాల గురించి ఎన్నో శిక్షణ తరగతుల్లో కూర్చున్నాను. అక్కడ ఎవరూ ఇంత పొదుపుగా చెప్పలేదు. అయితే ఆమె మాకు పాఠం చెప్పడానికి ఆ మాట అనలేదు. ఆమెకు పని ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకొని వచ్చి మందు సీసాలు రెండూ ముందేసుకుంది. పిల్లవాడికీ పిల్లకూ ఒకే మందు, కొలత వేరు. ఆమెకు చదువు రాదు. సీసాల మూతలు లోపలి మందు బయటికి కనిపించే పల్చటి తెల్లటి ప్లాస్టిక్‌వి, రెండూ ఒక్కతీరుగానే ఉన్నాయి. మూత మీద అచ్చులో పోసిన అంకెలు చీమ తలకాయంత లేవు.

నా సంచిలో కడిగినా చెరగని రంగు పెన్నులు ఉన్నాయి. ఒక మూత మీద పిల్లవాడి బొమ్మ, ఇంకోదాని మీద చంటిపిల్ల బొమ్మ వేస్తే సరిపోతుందని తీసి పట్టుకున్నాను. అంతలో చెయ్యి ఆగింది. ఏం గీయమంటావమ్మా అని అడిగాను. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరినీ అడిగిన గుర్తు లేదు.

ఆమె రెండు మూతలూ వెలుతురుకు పెట్టి చూసింది.

"బొమ్మలొద్దు సార్. ఏ పిల్ల ఏదో నాకు తెల్వదా? ఎంతదాంక పొయ్యాల్నో గంతకాడికి ఒక గీత గీయున్రి."

నర్సమ్మ సూదిగొట్టంతో మందు కొలిచి మూతలో పోసి పట్టుకుంది. ఆ మందు ఎక్కడికి వచ్చిందో అక్కడ ఒక గీత గీశాను. చంటిదాని మూత మీద కింద, పిల్లవాడి మూత మీద కొంచెం పైన. ఆమె మందు తిరిగి సీసాలోకి ఒంపి, మూత కడిగి, తనే మళ్లీ పోసి చూసుకుంది. గీత దగ్గర ఆగింది. చంటిదాన్ని ఒడిలోకి తీసుకొని, ముక్కు పట్టి, మొదటి మోతాదు పోసింది.